పన్నెండో పేరు

నా రిటైర్మెంటు సభలో నలుగురు మాట్లాడారు. నలుగురూ ఒకే మాట అన్నారు: "మేడం గారు పిల్లల్ని కన్నతల్లిలా చూసుకున్నారు." నాకంటే ఆరు నెలల ముందు రిటైరైన మగ కోచ్ సభకు కూడా నేను వెళ్లాను. ఆయన్ని ఆట లోతు తెలిసిన మనిషి అన్నారు. ఎదుటి జట్టు ఎత్తుల్ని ముందే పసిగడతాడు అన్నారు. ఆయన్ని ఎవరూ కన్నతండ్రి అనలేదు. నేను తిరుపతిలో ఇరవై ఆరేళ్లు ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పాను. ఎదుటి వాళ్లు కోర్టంతా మీద పడి బంతిని కదలనివ్వకపోతే ఎలా బయటపడాలో, ఐదు సెకన్లు మిగిలినప్పుడు బంతి ఎవరి చేతిలో ఉండాలో నాకూ తెలుసు. ఆ విద్య ఆ నలుగురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. శాలువా కప్పించుకుని నవ్వుతూ కూర్చున్నాను కానీ, ఇంటికొచ్చేదాకా ఒళ్లు మండుతూనే ఉంది.

సభ అయ్యాక చరిత నా దగ్గరికి వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర ఆడిన పిల్లే. పదేళ్లు ఉద్యోగం చేస్తూ ఆడి, ఇప్పుడు కోచ్‌గా చేరబోతోంది.

"మేడం, వచ్చే నెల్లో చేరతా ఉండాను. ఏమన్నా చెప్పండి" అంది.

"బాగా చెయ్యమ్మా" అని తల మీద చెయ్యి పెట్టి పంపేశాను. అంత పనికిమాలిన సలహా నా జీవితంలో ఇంకొకటి ఇవ్వలేదు. వెళుతూ వెళుతూ ఆమె ఇంకో మాట అంది: "మా బ్యాచిలో మునిలక్ష్మి ఉండింది గదా మేడం, ఎత్తు లేదని వదిలేసినాం. ఆ పిల్ల గూడా వస్తానన్నింది. షిఫ్టు మార్చుకునేదానికి కుదరలేదంట."

మునిలక్ష్మికి నేను అన్యాయం చేశాను. ఆ సంగతి ఆమెకు అప్పటికి తెలియదు. తెలియకుండానే నా సభకు రావాలనుకుంది. అసలు నేను రాయాల్సింది అదే. కానీ అక్కడిదాకా వెళ్లడానికి నాకు కొంచెం ధైర్యం కావాలి కాబట్టి ముందు వేరే సంగతులు రాస్తాను. ప్రమోషన్లు, ఫైళ్లు, బదిలీలు ఎవరిని అడిగినా చెబుతారు, అవి వదిలేస్తున్నాను.

*డ్రిల్లు సారు*

మాది చిత్తూరు. నాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేసేవాడు. పద్నాలుగేళ్లకే నేను నాయన కంటే పొడుగయ్యాను. బజారుకు వెళ్లేటప్పుడు అమ్మ నా వీపు మీద చెయ్యేసి "కొంచెం వంగి నడువు మే, అందరూ నిన్నే సూస్తా ఉండారు" అనేది. వంగి నడిచీ నడిచీ నాకు మెడనొప్పి వచ్చింది. నిటారుగా నిలబడమని నాతో మొదట అన్న మనిషి మా డ్రిల్లు మాస్టరు ఖాదర్ సారు.

ఆయన ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, నన్ను బాస్కెట్‌బాల్‌కి పంపమని నాయన ముందు కూర్చున్నాడు. నాయన నసిగాడు: "ఆడబిడ్డ నిక్కరేసుకోని ఆడాలంటే ఎట్ల సార్? నలుగురూ సూస్తారు."

"సూడనీప్పా. నాలుగు దినాలు నిక్కరు సూస్తారు. ఐదో దినం నుంచి బంతి యాడికి పోతా ఉండాదో సూస్తారు. ఆట అట్లాంటిది."

ఆయన మాట పూర్తిగా నిజం కాలేదు. ఆరో రోజు, అరవయ్యో రోజు కూడా నిక్కరే చూసినవాళ్లు ఉన్నారు. కానీ నాయన ఒప్పుకున్నాడు, నాకు అది చాలు.

ఖాదర్ సారు మొదటి నెలంతా నన్ను బుట్టలోకి బంతి వెయ్యనివ్వలేదు. అందించడమే. "ఏసేవాళ్లు శానామంది ఉండారు. సరైన చేతికి సరైన టయానికి అందించేవాళ్లు యాడుండారు?" అనేవాడు. ఇంకో అలవాటు ఉండేది ఆయనకు. జట్టును ఎంపిక చేసినప్పుడు పిల్లలందరినీ కూర్చోబెట్టి బోర్డు మీద పేర్లు రాసేవాడు. ఒక్కో పేరు పక్కన ఎందుకు తీసుకున్నాడో చెప్పేవాడు. రాని పిల్లలకు ఎందుకు రాలేదో కూడా ముఖం మీదే చెప్పేవాడు. ఒక పిల్ల ఏడ్చిందని హెడ్మిస్ట్రెస్ అడిగితే, "నిజం చెప్తే ఒక పూట ఏడుస్తాదమ్మా. చెప్పకపోతే ఇంట్లో కూర్చోని ఏండ్ల తరబడి ఏడుస్తాది" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు పదిహేనేళ్లు. విని గుర్తుపెట్టుకున్నాను. గుర్తుండి కూడా తప్పు చేశాను.

*పూల పళ్లెం*

ఆటల కోటాలో నాకు ఒక ప్రభుత్వ సంస్థలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మన దేశంలో ఆడవాళ్లు బాస్కెట్‌బాల్ మీద బతకడం అంటే అదే. మధ్యాహ్నం దాకా బల్ల దగ్గర, ఆ తర్వాత గ్రౌండులో. ఆఫీసులో "ఈమె ఆడేదానికి వచ్చింది, పని చెయ్యదు" అనేవాళ్లు. గ్రౌండులో మేనేజరు "వీళ్లు గుమాస్తాలు, ఆట మీద ధ్యాస లేదు" అనేవాడు. పదకొండేళ్లు రెండు చోట్లా మాటలు పడ్డాను. అయినా ఆ పదకొండేళ్లలో ఆడిన ఆట నాకు ప్రాణం. రింగు కింద ఇద్దరి మధ్యనుంచి పైకి లేచి బంతి లాక్కున్న క్షణంలో నాకు ఏ ఆఫీసూ గుర్తుండేది కాదు.

మా సంస్థే పోటీలు జరిపిన ఏడాది ఫైనలుకు వచ్చాం. మగవాళ్ల ఫైనలు సాయంత్రం చల్లపడ్డాక. మాది మిట్టమధ్యాహ్నం. ఎప్పుడూ అంతే, ముఖ్య అతిథి సాయంత్రం దాకా ఉండాలంటే మగవాళ్ల ఆట చివర పెట్టాలట. ఆ రోజు ఆయన మా ఆట ప్రారంభానికే వస్తానన్నాడు. మేం ఒళ్లు వేడెక్కించుకుంటుంటే మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అమ్మాయిలూ, ఒక ఆరుగురు రండి, పూల పళ్లేలు పట్టుకోవాలి. మీరు పొడుగ్గా ఉండారు, ఫోటోలో బాగుంటాది."

"మ్యాచ్ ఉంది సార్" అన్నాను.

"రెండు నిమిషాలే తల్లీ."

ముఖ్య అతిథి ముప్పావుగంట ఆలస్యంగా వచ్చాడు. ఆరుగురు ఆటగాళ్లం, జట్టు జెర్సీలు వేసుకుని, చేతుల్లో బంతిపూల పళ్లేలతో సిమెంటు మీద కదలకుండా నిలబడ్డాం. మగజట్టు షామియానా కింద కూర్చుని మజ్జిగ తాగుతోంది. ఒళ్లు బిగుసుకుపోయింది. ఆయన మా మీద చిరునవ్వు విసిరి, ఒక పువ్వు తీసి వాసన చూసి వెళ్లాడు. వెంటనే ఈల ఊదారు. మూడో నిమిషంలో రింగు కింద పైకి లేచి కిందికి దిగేటప్పుడు నా ఎడమ మోకాలు తిరిగిపోయింది. పటుక్కుమన్న చప్పుడు నాకు వినిపించింది.

నా ఆట అక్కడితో అయిపోయింది. రిపోర్టులో "ఆటలో ప్రమాదం" అని రాశారు. పళ్లెం వల్లే మోకాలు పోయిందని ఏ డాక్టరూ చెప్పలేదు. నేను చెబుతున్నాను.

కోచ్ శిక్షణ పూర్తిచేసి తిరుపతికి వచ్చాక నేను పెట్టిన మొదటి నియమం: నా పిల్లలు పళ్లేలు పట్టరు, స్వాగతం పాట పాడరు, బొట్టు పెట్టరు. ఒక అధికారి నొచ్చుకుని "మీకు గర్వం ఎక్కువ మేడం" అన్నాడు.

"అవును సార్, ఉండాది" అన్నాను.

చరితా, ఈ విషయంలో నీ మీద ఎంత ఒత్తిడి వచ్చినా ఒప్పుకోకు. పళ్లెం బరువు చాలా తక్కువగా కనిపిస్తుంది, అందుకే అందరూ ఒప్పుకుంటారు.

*నీళ్లు తాగని పిల్లలు*

కోచ్‌గా నేను చేసిన తొలి తప్పు చాలా మామూలుది. ఒక పోటీలో రెండో రోజు మా పిల్లలకు వరసగా పిక్కలు పట్టేశాయి. నలుగురు కూలబడ్డారు. నాకు కోపం వచ్చింది. బద్ధకం అన్నాను. పొద్దున్నే పరుగెత్తకపోతే ఇంతేనన్నాను. నీళ్ల సీసాలు చూస్తే అన్నీ నిండుగా ఉన్నాయి.

"నీళ్లెందుకు తాగలేదే? సీసాలు అందానికి తెచ్చుకున్నారా?" అని అరిచాను.

చిన్న పిల్ల ఒకతి, తల వంచుకుని అంది: "తాగితే యాడికి పోవాల మేడం?"

ఆ గ్రౌండులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఉన్న ఒక్క గదికీ తాళం, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఆడుతున్నారు. బట్టలు మార్చుకోవడానికి ఇద్దరు దుప్పటి అడ్డం పట్టుకుంటే మూడో పిల్ల లోపల మార్చుకుంటోంది. నేనూ ఒకప్పుడు అలాగే ఆడాను. అయినా నాకు తట్టలేదు. నిర్వాహకుల దగ్గరికి వెళ్లి గొడవ చేస్తే ఒకాయన, "అబ్బా, ఆడపిల్లల టీంలు వస్తే ఇదే తలనొప్పి మేడం" అన్నాడు. తాళం నేనే రాయితో పగలగొట్టాను. దానికి నాకొక మెమో వచ్చింది. ఆ మెమో ఇంకా దాచుకున్నాను. నా ఉద్యోగంలో నాకు దొరికిన కాగితాల్లో నేను దాచుకున్నది అదొక్కటే.

కొత్త గ్రౌండుకు వెళితే రింగు ఎత్తు తర్వాత చూడు. ముందు మరుగుదొడ్డి తలుపు తీసి చూడు, గొళ్లెం పడుతుందో లేదో కూడా చూడు.

*సర్దుబాటు*

ఇక్కడిదాకా రాసిన వాటిలో తప్పు ఎవరిదో తేలికగా చెప్పగలిగాను. ఇక నా వంతు.

మునిలక్ష్మి గూడూరు నుంచి వచ్చింది. తిరుపతిలో ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉండేది. వాళ్లమ్మ గూడూరులో నిమ్మకాయల మండీలో కాయలు ఏరే పనికి వెళ్లేది. సెలవుల్లో ఈ పిల్ల కూడా వెళ్లేది. కుప్ప ముందు కూర్చుని పెద్ద కాయ ఒక గంపలోకి, చిన్న కాయ ఒక గంపలోకి, రెండు చేతులతో ఒకేసారి, చూడకుండా వేసేది. అందుకేనేమో, ఆమెకు ఎడమచెయ్యి కుడిచెయ్యి అన్న తేడా లేదు. బంతి ఎటు కొడుతుందో ఎదుటి పిల్లకు అంతుపట్టేది కాదు. తల ఎత్తి కోర్టంతా చూస్తూ, కింద బంతిని తన మానాన తాను కొట్టుకుంటూ వెళ్లేది. ఇరవై ఆరేళ్లలో అలాంటి చేతులు నేను ఇంకోసారి చూడలేదు. ఎత్తు ఐదడుగులకు ఒక అంగుళం ఎక్కువ.

రాష్ట్ర పోటీలకు జట్టు అంటే పన్నెండు మంది. మునిలక్ష్మి అప్పటికి ఏడాదిన్నర మాత్రమే ఆడింది. పెద్ద మ్యాచ్‌ల అనుభవం లేదు. అందుకని ఆమెను పన్నెండో పేరుగా తీసుకున్నాను. జాబితా అంటించే ముందు రోజు సాయంత్రం పిలిచి "నువ్వు టీంలో ఉండావే" అని చెప్పాను కూడా. ఆమె అక్కడికక్కడే గాల్లోకి ఎగిరి కింద పడింది.

మన ఆటల్లో ఒక ఆచారం ఉంది. ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. రాష్ట్ర పోటీలకు వెళ్లినట్టు సర్టిఫికెట్ ఉంటే పెద్ద కాలేజీ సీట్లలో ఆటల కోటా వర్తిస్తుంది. ఆడే వాళ్లు ఏడెనిమిది మందే కాబట్టి, చివరి పేరు పలుకుబడి ఉన్న ఇంటి పిల్లకు ఇస్తారు. దాన్ని సర్దుబాటు అంటారు. ఆ పిల్ల కొత్త బూట్లు వేసుకుని వస్తుంది, బెంచీ మీద కూర్చుంటుంది, చెమట పట్టకుండా తిరిగి వెళుతుంది.

అప్పట్లో మా పోటీల వ్యవహారాలు చూసే ఒకాయన ఉండేవాడు. అందరూ కార్యదర్శి అనేవాళ్లు. జాబితా అంటించే రోజు పొద్దున్నే నన్ను పిలిపించాడు.

"మేడం, ఆ పన్నెండో పేరు కొంచెం సర్దుబాటు చేసుకోండి. మనకు కావాల్సిన వాళ్ల పాప ఉండాది."

"ఆ జాగాలో ఒక పిల్ల ఉండాది సార్. చెప్పేసినాను గూడా."

"పన్నెండో పిల్ల ఎప్పుడన్నా ఆడిందా మీ టీంలో? బెంచీ మింద కూర్చునేదానికి ఎవురైతే ఏం?"

"కుదరదు సార్."

ఆయన కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "సాయంత్రం లైట్ల కోర్టు కావాలని మూడేండ్లుగా అడుగుతా ఉండారు గదా. రేపటి నుంచి ఆరు నుంచి ఏడు మీ ఆడపిల్లలకే. ఆర్డరు ఈడనే రాయిస్తా" అన్నాడు.

చదివేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం నా చోట నిలబడాలి. నా దగ్గర ముప్పై మంది పిల్లలు. మగపిల్లలకు పొద్దునా సాయంత్రం, మాకు మధ్యాహ్నం. తిరుపతి ఎండలో సిమెంటు కోర్టు మీద బూట్ల అడుగున కూడా కాలేది. ఆ వేసవిలో ఇద్దరు కళ్లు తిరిగి పడిపోయి ఆట మానేశారు. ఒక్క పేరు ఇస్తే ముప్పై మందికి చల్లటి గంట వస్తుంది. బేరం బాగుందనిపించింది. నేను చాలా తెలివిగలదాన్ని అనుకున్నాను. పెన్ను తీసి మునిలక్ష్మి పేరు కొట్టేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని కొట్టించలేదు.

జాబితా కోర్టు పక్కన స్తంభానికి అంటించాను. మునిలక్ష్మి వేలు పెట్టి ఒక్కో పేరూ చదివింది. కింది దాకా వచ్చి, మళ్లీ పైనుంచి చదివింది. నా దగ్గరికి వచ్చింది.

"మేడం, నా పేరు రాలేదు. మర్చిపోయినట్టుండారు."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. ఫలానా ఆయన అడిగాడు, నేను ఇచ్చేశాను, నీ తప్పేమీ లేదు అని చెప్పొచ్చు. చెబితే నన్ను అసహ్యించుకునేది, ఆటను అసహ్యించుకునేది కాదు. నేను పరువు చూసుకున్నాను.

"మర్చిపోలేదమ్మా. మళ్లీ ఆలోచిస్తే నీ ఎత్తు చాలదనిపించింది. రాష్ట్రం లెవెల్లో నిలబడలేవు."

"ఎత్తు చాలదా?"

"చాలదు."

ఆమె కాసేపు తన పాదాలకేసి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది: "ఇంగ పెరగను గదా మేడం?"

"చదువు మీద ధ్యాస పెట్టు" అన్నాను.

మర్నాడు ఆమె రాలేదు. ప్రాక్టీసు చొక్కా ఉతికి, మడతపెట్టి వేరే పిల్ల చేత పంపించింది.

*ఆ సెమీఫైనలు*

ఆ పోటీల్లో మా పిల్లలు సెమీఫైనలు దాకా బాగా ఆడారు. ఆ మ్యాచ్‌లో చివరి భాగం మొదలయ్యేటప్పటికి మేం ఎనిమిది పాయింట్లు ముందున్నాం. అప్పుడు ఎదుటి జట్టు ప్రెస్ వేసింది. అంటే, మేం బంతి అందుకున్న చోటునుంచే కోర్టు పొడుగునా ఇద్దరిద్దరు మీద పడి ముందుకు కదలనివ్వకపోవడం. దాన్ని విరగ్గొట్టాలంటే రెండు చేతులా బంతి కొట్టగలిగి, తల ఎత్తి చూడగలిగిన పిల్ల కావాలి. మాకున్న ఇద్దరిలో ఒకతి ఐదు ఫౌళ్లయి బయటికొచ్చింది. ఇంకొకతికి చీలమండ మడత పడింది. ఇంకా ఆరు నిమిషాల ఆట ఉంది.

నేను బెంచీ వైపు తిరిగాను. చివర కొత్త బూట్లతో ఆ అమ్మాయి కూర్చుని ఉంది. "మేడం, నాకు రాదు. నన్ను పంపొద్దు, ప్లీజ్" అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె పేరు నేను రాయను. ఆమెకూ పదిహేడేళ్లే. వాళ్ల నాన్న రమ్మంటే వచ్చింది. ఆ బెంచీ మీద అందరికంటే ఎక్కువ సిగ్గుపడింది ఆమే.

పొడుగు పిల్ల ఒకతిని బంతి తెమ్మని పంపాను. వరసగా నాలుగుసార్లు లాక్కున్నారు. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. పన్నెండో పిల్ల ఎప్పుడన్నా ఆడిందా అని అడిగిన పెద్దమనిషికి జవాబు ఆ ఆరు నిమిషాలే. కానీ ఆయన మ్యాచ్ చూడటానికి రాలేదు. చరిత ఆ రోజు కోర్టు మధ్యలో కూర్చుని ఏడ్చింది, మునిలక్ష్మి ఉంటే బాగుండేదని ఎవరూ అనలేదు. ఎత్తు చాలదని కోచ్ చెప్పింది కదా, అందరూ నమ్మారు.

లైట్ల గంట రెండు నెలలు ఉంది. మూడో నెలలో పెద్దపెద్ద వాళ్లు షటిల్ ఆడటానికి అదే సమయం కావాలన్నారు. కార్యదర్శి దగ్గరికి వెళ్లి గొంతు చించుకున్నాను. "ఆడపిల్లలకు ఎండ అలవాటే గదా మేడం, ఏమయితాది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, అంతకు రెట్టింపు నా మీద వచ్చింది.

ఆ తర్వాత సర్దుబాటు అడిగిన ప్రతివాణ్నీ పొమ్మన్నాను. ఒక ఏడాది నన్ను గ్రౌండు నుంచి తీసి ఆఫీసులో కూర్చోబెట్టారు కూడా. దాన్ని చూసి పిల్లలు నన్ను ధైర్యవంతురాలన్నారు. ఒకసారి దొంగతనం చేసి, తర్వాత మానేసిన దాన్ని అలా అనకూడదు.

*సూళ్లూరుపేట*

రిటైర్మెంటు సభ తర్వాత చరిత దగ్గర నంబరు తీసుకుని, మునిలక్ష్మికి ఫోన్ చేశాను. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తోంది, సూళ్లూరుపేటలో కాపురం. "మీరు రావడమా మేడం!" అని సంబరపడింది. ఆ సంబరం వింటుంటే ఫోన్ పెట్టేయాలనిపించింది. ఆదివారం ఆమెకు సెలవు. తిరుపతిలో బస్సెక్కాను. పదహారేళ్ల తర్వాత మనిషి ముందు కూర్చుని ఏ మాటతో మొదలుపెట్టాలో దారి పొడుగునా ఆలోచించాను.

రెండు గదుల ఇల్లు. కొంచెం ఒళ్లు చేసింది, నవ్వు అదే. పదకొండేళ్ల కూతురు హారిక కాఫీ గ్లాసు తెచ్చి ఇచ్చి, తల్లి పక్కన నిలబడింది. పాపను లోపలికి పంపమంటానేమోనని నా మీద నాకే అనుమానం వచ్చింది. అనకూడదనుకున్నాను. పాప ముందే చెప్పాను. కార్యదర్శి, లైట్లు, బేరం, నా చేత్తో కొట్టేసిన పేరు, ఎత్తు అబద్ధం, అన్నీ వరసగా చెప్పాను. ఆమె నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నేను చూశాను. ఎత్తు మాట దగ్గర.

ఆమె పాప భుజం మీద చెయ్యేసి, "అయితే నేను పొట్టిదాన్ని గాదా మేడం?" అంది.

"పొట్టిదానివే. నీ ఆటకు అది అడ్డం కాదు. ఆ సంగతి నాకు ఆ పొద్దు గూడా తెలుసు."

"ఫ్యాక్టరీలో రెండు మాట్లు నన్ను లైను లీడరు చేస్తామన్నారు. వద్దన్నా. చాలనేమో అనుకున్నా. మూడోమాటు మా ఆయన కొట్లాడి ఒప్పిచ్చినాడు." ఆమె గొంతు పెద్దదైంది. "పోయిన సంవత్సరం దీని స్కూల్లో పీఈటీ సారు బాస్కెట్‌బాల్‌కి తీసుకుంటానన్నాడు. నేనే పోనియ్యలేదు. దీనిదీ నా పొడుగే గదా, రేపు ఎవురో ఒకరు చాలదంటారు, బిడ్డకు ఆ బాధ ఎందుకులే అని. అది ఎంత ఏడ్చిందో తెలుసునా మీకు?"

హారిక తల్లి కొంగు పట్టుకుని నన్నే చూస్తోంది. నేను ఒక్క పేరు కొట్టేశానని ఇన్నేళ్లూ అనుకున్నాను. అక్కడ కూర్చున్నాక తెలిసింది, ఆ గీత ఈ పాప దాకా వచ్చిందని.

"నన్ను క్షమించమ్మా" అన్నాను.

"క్షమించేది తర్వాత సూద్దాం మేడం. ముందు రాసియ్యండి."

"ఏం రాయాల?"

"ఆ పొద్దు నా పేరు ఉండిందని. మీరే తీసేసినారని. ఎత్తు చాలదన్నది అబద్ధమని." కళ్లు తుడుచుకుని ఆమె గట్టిగా అంది: "నోటితో చెప్పినది మల్లా నమ్మను. ఎత్తు మాట గూడా నోటితోనే గదా చెప్పినారు."

నేను సంచిలోంచి పెన్ను తీసి కాగితం అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఈడ చాటుగా వద్దు. నా పేరు లేని లిస్టు నలుగురూ సూసేటట్టు అంటించినారు. ఇది గూడా నలుగురూ సూసేటట్టు రాయండి. మా పాప సదవాల."

అందుకే ఇది రాశాను. చరితా, నువ్వడిగిన సలహా ఇందులో ఎక్కడైనా ఉంటే తీసుకో. మిగతాది నీకోసం రాసింది కాదు.

పదహారేళ్ల కిందట రాష్ట్ర పోటీలకు నేను ఎంపిక చేసిన బాలికల జట్టులో పన్నెండో పేరు మునిలక్ష్మి. ఆ పేరును నేనే నా చేత్తో కొట్టేశాను. ఆమె ఆటలో ఏ లోపమూ లేదు. హారికా, మీ అమ్మ ఎత్తు చాలింది.